పళ్ళేలు మార్చి తూచిన పాట

బొంబాయి ఆసుపత్రిలో పెట్టె మీట తిప్పగానే తవిటయ్య కుర్చీలోంచి దిగ్గున లేచి నిలబడ్డాడు.

తొమ్మిదేళ్ళుగా ఆ తలలో చప్పుడన్నది లేదు. క్షయ పట్టినప్పుడు విశాఖపట్నంలో నెలల తరబడి సూదులు పొడిచారు. జబ్బు పోయింది. పోతూపోతూ రెండు చెవుల్నీ వడ్డీ కింద పట్టుకుపోయింది. అసలు దక్కినచోట వడ్డీకి ఏడవకూడదని తవిటయ్యకి ఎవరూ చెప్పక్కర్లేదు. చేపల రేవు దగ్గర తాళ్ళూ టార్పాలిన్లూ అమ్ముకుని పైకొచ్చిన మనిషి. కొట్లో ఒక పలక వేలాడదీశాడు. వచ్చినవాళ్ళు కావలసింది దానిమీద రాసేవారు. రాయడం రానివాళ్ళ మాటని పక్కనే కూర్చున్న భార్య చిట్టమ్మ పెదాలతో చెప్పేది. ఆమె పెదాల మీద మాట చదవడం అతనికి రెండో ఏటికల్లా పట్టుబడింది. వ్యాపారం తగ్గలేదు సరిగదా, చెవిటివాడితో బేరమాడి గెలవలేమని చెప్పిన ధరే ఇచ్చిపోయేవాళ్ళు కూడా తయారయ్యారు.

ఇప్పుడు విదేశాల నుంచి వచ్చిన డాక్టర్లు చెవి వెనక ఎముక తొలిచి, లోపల నత్తగుల్లలా చుట్టుకున్న చోటికి సన్నని తీగ ఒకటి దింపారు. పుండు మానాక ఈరోజు పై సామాను తగిలించారు. చొక్కా జేబులో పెట్టె, చెవి దగ్గర గింజంత మైకు, చెవి వెనక చర్మానికి అయస్కాంతంతో అతుక్కునే బిళ్ళ. పెట్టె మాటని అందుకుని బిళ్ళకిస్తే, బిళ్ళ లోపలి తీగకిస్తుందట.

ఎదురుగా కూర్చున్న చిట్టమ్మని మాట్లాడమని డాక్టరు సైగ చేశాడు.

"మావా, ఇనపడతందా?" అంది చిట్టమ్మ.

ఆమె పెదాలు కదిలినంతసేపూ తవిటయ్య తలలో ఎవరో రేకు మీద మేకుతో గీకారు. పెదాలు ఆగాయి, గీకుడు ఆగింది. చిట్టమ్మ గొంతు అతనికి బాగా గుర్తు. కొంచెం బొంగురు, కొత్త కొబ్బరితాడులా పీచుపీచుగా ఉండేది. ఇక నవ్విందంటే ఎక్కిళ్ళే. మూడు తునకలు వరసగా, మధ్యలో ఊపిరి తెగి, ఆఖర్న ఒక్క తునక. ఆ నవ్వుకే అత్తగారు తిడితే, అప్పట్నించి పైటకొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వడం అలవాటు చేసుకుంది. చెవులు పోయాక ఆ కొంగే కనిపించేది అతనికి.

"సిట్టీ! నీ గొంతుకేటైపోయిందే?" అని అరిచాడు.

అరిచిన అరుపూ అదే గీకుడు. తన నోట్లోంచి అది వచ్చిందని తెలిసి హడలిపోయి నోరు మూసుకున్నాడు. నర్సు నవ్వింది. అదీ గీకుడే. ఎవరో తలుపేశారు, పిడిబాకుతో పొడిచినట్టయింది. చిట్టమ్మ మాత్రం ఆనందంతో ఏడుస్తోంది. మనిషి ఉలిక్కిపడ్డాడంటే వినిపించినట్టే కదా అని ఆమె లెక్క.

తెలుగు తెలిసిన నర్సు ఒకామె కాగితం మీద రాసి చూపించింది. 'ఇది మొదలే. తలకి కొత్త భాష నేర్పినట్టు నేర్పాలి. ఊళ్ళో రోజూ సాధన చెయ్యండి.'

తవిటయ్య చదివి, కాగితం మడిచి, బిళ్ళ పీకి ఒళ్ళో పెట్టుకున్నాడు. గాజువాక దారిలో ఉక్కు ఫ్యాక్టరీ పనులతో రోజురోజుకీ పిరమవుతున్న స్థలం అమ్మి మరీ వచ్చాడు. దొంగ సరుకు అంటగట్టించుకున్నానా అని జీవితంలో మొదటిసారి భయపడ్డాడు.

ఇంతా చేసి అతను చెవులు కోరుకున్నది వ్యాపారానికి కాదు. కంచరపాలెంలో వాళ్ళ వీధి రామమందిరంలో ప్రతి శనివారం భజన జరుగుతుంది. ఆ భజనకి పదిహేనేళ్ళుగా ముందుపాట తవిటయ్యది. అతను చరణం ఎత్తుకోవాలి, వెనక మేళమంతా దాన్ని అందుకోవాలి. ముందుపాటవాడి చరణం నేల మీద పడనివ్వకూడదని ఆ మేళం కట్టుబాటు. మందిరం గోపురం మీద రెండు మైకు హారన్లు. పాట వీధి చివర రైల్వే గేటు దాకా వినిపిస్తుంది. చెవులు పోయినా తవిటయ్య పీట దిగలేదు. పాటలన్నీ నోటికొచ్చు. మృదంగం దెబ్బ నేల మీద ఆనించిన అరచేతికి తగులుతుంది. దాన్ని పట్టుకుని లాగించేవాడు. "తవిటయ్య భజన" అంటే వీధికి గొప్ప. శ్రీరామనవమికి శాలువా కూడా కప్పారు. తన పాట హారన్లోంచి వీధి మీదకి పరుచుకుంటుంటే చచ్చేలోగా ఒక్కసారి చెవులారా వినాలి. ఆ ఒక్క కోరికకి స్థలం అమ్మాడు.

వద్దన్నది చిట్టమ్మ ఒక్కతే. "ఇప్పుడు బాగానే ఉన్నాం కదా మావా, ఆ కోతలెందుకు?" అని నెల్లాళ్ళు పోరింది. కత్తికి భయపడుతోందనుకున్నాడు.

* * *

ఊరొచ్చాక సీతమ్మధారలో కనకరత్నం అనే మాటల టీచరు దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టాడు. నత్తి పిల్లలకీ, చెవిటి పిల్లలకీ నేర్పే మనిషి. పెద్దవాళ్ళు ఆమెకీ కొత్తే. చిన్నపిల్లల బల్ల మీద మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్న తవిటయ్యతో ఆమె మొదటిరోజే ఉన్నమాట చెప్పేసింది. చెప్పింది చెప్పినట్టు చిట్టమ్మ పెదాలతో అతనికి అందించింది.

"మన చెవి లోపల హార్మోనియం మెట్లలాగ బోలెడు మెట్లుంటాయండి. సన్నగొంతుకి ఒక మెట్టు, బొంగురుకి ఒక మెట్టు. మీకు వేసింది ఒకటే తీగ. ఏ గొంతు వచ్చినా అదే మెట్టు మోగుతుంది. విదేశాల్లో ఎక్కువ తీగలు వెయ్యడం మొదలుపెట్టారట. మనదాకా రావాలి."

"అయితే పాట?"

"రాగం రాదండి. తాళం వస్తుంది. చప్పుడు ఎప్పుడు మొదలైంది, ఎప్పుడాగింది, గట్టిగానా, మెల్లగానా, పొడుగ్గానా, పొట్టిగానా... ఇవన్నీ వస్తాయి. పెదాలు కూడా చూస్తూ వింటే మాట బాగా దొరుకుతుంది."

సగం సరుకు. కానీ తడిసిన తాడుని పారేసే రకం కాదు అతను. ఎండబెట్టి, కుళ్ళినముక్క కోసేసి, మిగిలింది గేదెల్ని కట్టుకునేవాళ్ళకి అమ్మేవాడు. సగం సరుకుతో ఏం చెయ్యొచ్చో చూద్దామనుకున్నాడు.

టీచరు నోటికి అట్ట అడ్డం పెట్టుకుని మాట అనేది. అది పొట్టి మాటో పొడుగు మాటో అతను చెప్పాలి. ఆ పాఠం చిట్టమ్మ కొట్లో కూడా నడిపించింది. వెనక నిలబడి "తాడు" అనేది, "నైలాన్ తాడు" అనేది, "టార్పాలిన్" అనేది. అతను వెళ్ళి ఆ సరుకు ముట్టుకోవాలి. మొదట్లో తాడడిగితే లంగరు గొలుసు పట్టుకొచ్చేవాడు. కొన్ని వారాలకి గీకుడులో సందులు కనపడ్డం మొదలుపెట్టాయి. ఇది ఆటో, ఇది బస్సు హారను, ఇది తలుపు, ఇది నన్నెవరో పిలుస్తున్న పిలుపు అని విడివడ్డాయి. ముఖం చూస్తూ వింటే ఒక్క చిట్టమ్మవే కాదు, అందరి మాటలూ ముక్కలుముక్కలుగా దొరకసాగాయి. పలక మీద ముగ్గుపొడి రంగు దుమ్ము పేరుకుంది.

"ఇంక ఈ శనివారం భజనకెల్తాను" అన్నాడొక రోజు.

చిట్టమ్మ చేతిలో కొబ్బరితాడు చుట్ట జారింది. "ఇంకొన్నాల్లు ఆగు మావా. ఆ హారన్ల చప్పుడుకి నీ తల ఏటైపోద్దో."

తరవాతి వారం ఆమె అన్న శ్రీరామ్మూర్తి వచ్చాడు. తగరపువలస నుంచి వచ్చి వీధిలో మైకు సెట్టు అద్దెకిచ్చుకుంటున్న మనిషి. మందిరం మైకు అతనిదే. "మైకు సెట్టు రిపేరుకిచ్చాను బావా" అన్నాడు.

ఆపై వారం వర్షమన్నాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు.

"వర్సం నీ బుర్రలో పడతందేటి బావా?" అని తవిటయ్య కసిరాడు. "నాను వత్తన్నాను. నువ్వు సెట్టు పెట్టినా వత్తన్నాను, పెట్టకపోయినా వత్తన్నాను."

శ్రీరామ్మూర్తి చెల్లెలి మొహం చూశాడు. చిట్టమ్మ తాళ్ళు సర్దుకుంటూ తల ఎత్తలేదు.

* * *

శనివారం సాయంత్రం మందిరం నిండిపోయింది. మగవాళ్ళు ఒకపక్క, ఆడవాళ్ళు ఒకపక్క. దేవుడికెదురుగా తవిటయ్య పీట, పీట ముందు అతని మైకు. కొంచెం వెనగ్గా మేళం మైకు. ఆ మైకు దగ్గర గవర్రాజు కూర్చుంటాడు. రాజోలు వైపు నుంచి వచ్చి పోర్టులో పనిచేస్తున్నాడు. మెత్తని మనిషి. ఒకప్పుడు తవిటయ్య అతన్ని అందరిముందూ కేకలేశాడు. తను చరణం ఎత్తుకున్నప్పుడల్లా గవర్రాజు నోరు కూడా కదులుతుండడం చూసి, "నాను ముందుపాటోన్నా, నువ్వా? నా మీద పడి పాడతావేటి?" అన్నాడు. గవర్రాజు చేతులు జోడించి, "తప్పయిందండి గురువుగారండి, అలవాటైపోయిందండి" అన్నాడు. అయినా నోరు కదపడం మానలేదు.

తవిటయ్య జేబులో పెట్టె సర్దుకుని, బిళ్ళ తడిమి చూసుకుని, గొంతు సవరించి ఎత్తుకున్నాడు.

"రావయ్య రామయ్య మా వాడ కొలువుకు..."

హారన్లోంచి పాట వచ్చింది. తలలో సుత్తితో కొట్టినట్టు వచ్చింది. రాగం లేదు, ఒట్టి దెబ్బలు. అయినా తాళానికి తాళం సరిపోయింది. తవిటయ్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇదిగో, నా పాట! వీధంతా వింటోంది! రెండో చరణం ఇంకా ఊపుగా ఎత్తుకున్నాడు. మూడో చరణం దగ్గర పొలమారింది. దగ్గు రాబోయి మాట మధ్యలో ఆపేశాడు.

హారన్లో పాట ఆగలేదు.

అతను నోరు మూసుకుని కూర్చున్నాడు. హారన్ "...కొలువుకు" దాకా హాయిగా పాడి ముగించింది. అప్పుడు మేళం అందుకుంది.

యంత్రానికేదో వచ్చిందనుకున్నాడు. పెట్టె మీట కాస్త తగ్గించాడు, పెంచాడు. నాలుగో చరణం కావాలనే ఆలస్యంగా ఎత్తుకున్నాడు. హారన్ అతనికన్నా ముందే మొదలైపోయింది. గోరుతో తన మైకు మీద తట్టాడు. ఏమీ లేదు. ఇంకా గట్టిగా తట్టాడు. ఏమీ లేదు.

తవిటయ్య తండ్రి తగరపువలస సంతలో నార కొనేవాడు. తక్కెడ మీద అనుమానమొస్తే రాళ్ళతో తగువు పెట్టుకోకు, పళ్ళేలు మార్చి తూచు అనేవాడు. సరుకున్న పళ్ళెంలో రాళ్ళు, రాళ్ళున్న పళ్ళెంలో సరుకు. అప్పుడు మొగ్గితే తప్పు నీ కంట్లో లేదు, తక్కెడలో ఉంది. తవిటయ్య లేచాడు. పీట చేత్తో పట్టుకుని వెనక్కి నడిచి గవర్రాజు పక్కన వేశాడు.

"నువ్వు ముందుకెల్లు" అన్నాడు.

గవర్రాజు మొహంలో నెత్తురు చుక్క లేదు. "వద్దండి గురువుగారండి... ఇక్కడ గాలి తగలదండి మీకు... ఉక్కండి..."

"ఎల్లు."

మృదంగం ఆగలేదు. ఏం జరుగుతోందో తెలియక వాయించుకుపోతోంది. మూల యాంప్లిఫయరు దగ్గరున్న శ్రీరామ్మూర్తి లేచి నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాడు. తవిటయ్య అటు చూడలేదు. మేళం మైకుని నోటికి దగ్గరగా లాక్కుని, కడుపులోంచి ఎత్తుకున్నాడు.

"రావయ్య రామయ్య..."

గోపురం బద్దలైనట్టయింది. తలలో సుత్తి దెబ్బలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. ఇన్నాళ్ళూ సగమే మోగిన యంత్రం ఇప్పుడు నిండా మోగింది. గొంతు బాగుందో లేదో అతనికి తెలిసే దారి లేదు. ఆ ఒక్క తీగ అది చెప్పదు. జనం మొహాలు చెప్పాయి. ముందు వరసలో ముసలాయన తల దించుకున్నాడు. హార్మోనియం మీద వేళ్ళు మెట్టు మీదే కొయ్యబారాయి. వీధిలోంచి ఎవరో గుమ్మంలోకి వచ్చి, ఏమైందని తొంగిచూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. చివరికి మృదంగం కూడా ఆగింది.

చరణం అయిపోయింది. అందుకోవాలి. ఎవరూ అందుకోలేదు.

ఆ నిశ్శబ్దం తవిటయ్యకి తిరుగులేకుండా వినిపించింది. తొమ్మిదేళ్ళు చెవిటితనంలో ఉన్న నిశ్శబ్దం వేరు. అది ఎవరూ చేసింది కాదు. ఇది ఇంతమంది కలిసి చేసింది.

అప్పుడు ఎక్కడో మెల్లగా గీకుడు మొదలైంది. తాళం ప్రకారం, తప్పకుండా. తల తిప్పి చూస్తే ఆడవాళ్ళ వరసలో ఒక్కత్తె నిలబడి ఉంది. చిట్టమ్మ. కళ్ళనీళ్ళు తుడుచుకోకుండా, ఎవరి వైపూ చూడకుండా, అతని చరణాన్ని నేలన పడనివ్వకుండా అందుకుని పాడుతోంది.

తవిటయ్య ఆఖరిదాకా వినలేదు. చెవి వెనక బిళ్ళ పీకేశాడు. లోకం మళ్ళీ మూసుకుంది. చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికి నడిచాడు.

* * *

మర్నాడు పొద్దున్న కొట్టు తెరిచి, పెట్టె తగిలించుకుని, టార్పాలిన్ల మీద కూర్చున్నాడు. చిట్టమ్మ గుమ్మం దగ్గర నిలబడింది. కాసేపటికి శ్రీరామ్మూర్తి మూడు గ్లాసుల్లో టీ పట్టుకుని వచ్చాడు.

"కొట్టాలనుంటే కొట్టు బావా. గాని ముందు టీ తాగు. సల్లారిపోద్ది."

"వైరు ఎవరు తెంపారు?"

"తెంపలేదు బావా. అమ్మతోడు. పిన్ను పీకానంతే."

"ఎన్నాల్లయింది?"

శ్రీరామ్మూర్తి టీ వైపు చూశాడు. "నువ్వు మంచం దిగి వచ్చిన రెండో శనివారం."

మొదటి నుంచీ అన్నమాట. తవిటయ్య టీ గ్లాసు పక్కకి నెట్టాడు. "ఎవరు పీకమన్నారు?"

శ్రీరామ్మూర్తి చెల్లెలి వైపు చూడబోయి మానేశాడు. ఆమే చెప్పింది, మెల్లగా, పెదాలు బాగా కనపడేలా.

"నానే."

తవిటయ్య ఆమె పెదాల మీంచి చూపు తిప్పలేదు.

"మొదటి శనివారం నాను కుళాయి కాడున్నాను. నీ పాట హారన్లోంచి వచ్చింది. ఆడోలు బిందెలొదిలేసి నవ్వినారు మావా. ఒక పిల్లయితే నీలాగ పాడి సూపించింది. నా బిందె సగమే నిండింది. అలాగే ఎత్తుకుని వచ్చేసాను. అన్నయ్య కాడికెల్లి కాల్లట్టుకున్నాను."

"నాకు సెప్పొచ్చు కదే."

"ఎలాగ సెప్పేది? పలక మీద రాసేదా? సెవులు పోయినాయి, దాంతోటే సుతి తప్పి గొంతు కూడా పోయిందని రాసేదా? నీకు మిగిలింది ఆ పీట ఒక్కటే. దాన్ని నా సేత్తో ఎలాగ తీసీమంటావు?"

"అందుకేనా బొంబాయి వద్దన్నావు?"

"మరి?"

రేవు వైపు నుంచి లారీ ఒకటి మూలుగుతూ పోయింది. అది పోయేదాకా తవిటయ్య ఆగాడు. "ఊరంతటికీ తెల్సా?"

"వీధి వరకే బావా" అన్నాడు శ్రీరామ్మూర్తి ఓదార్పుగా. "రైల్వే గేటు అవతల ఎవలికీ తెల్దు."

తవిటయ్యకి ఒక్కొక్కటీ గుర్తొస్తోంది. వచ్చిన మెప్పులన్నీ ఒకదాని తరవాత ఒకటి వచ్చి నిలబడుతున్నాయి. "శనివారం ఇరగదీసావు తవిటయ్యా" అని పలక మీద రాసిన పాలవాడు. నవమి పందిట్లో శాలువా కప్పి చప్పట్లు కొట్టినవాళ్ళు. అన్నీ కల్తీ. సరుకు చూడకుండా సంచి మీద ముద్ర చూసి తీసుకున్నాడు. ఇంకెవరైనా అలా మోసపోతే తను నవ్వి ఉండేవాడు.

"నా గొంతు ఎలాగుంటాది?" అన్నాడు హఠాత్తుగా. "నిజం సెప్పు. బేరం వద్దు."

చిట్టమ్మ ఆలోచించింది. "లారీకి గేరు పడనప్పుడు సూడు... అలాగ."

"ఇంట్లో అంతలేదు బావా" అని శ్రీరామ్మూర్తి అడ్డం వచ్చాడు. "హారన్లో పడితేనే."

తవిటయ్యకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. టీ గ్లాసు తీసుకుని ఒక్క గుక్కలో తాగేశాడు. అది గొంతు దిగుతుండగా అసలు దెబ్బ తగిలింది. ఇంతసేపూ తనకి జరిగిన మోసం గురించే ఆలోచిస్తున్నాడు. మరి రైల్వే గేటు దాకా వినిపించిన ఆ పాట ఎవరిది? తొమ్మిదేళ్ళు ప్రతి శనివారం, పోర్టులో పగలంతా పనిచేసి వచ్చి, వెనక కూర్చుని, ఇంకొకడి పెదాలు కదిలినప్పుడల్లా కలిపి పాడినవాడెవడు? వాడికి శాలువా లేదు, పేరు లేదు. పైగా అందరిముందూ చీవాట్లు తిన్నాడు, చేతులు జోడించాడు. గవర్రాజు సరుకుని ఇన్నాళ్ళూ తవిటయ్య తన బోర్డు కింద అమ్ముకున్నాడు. తెలియక చేశానంటే చెల్లదు. తక్కెడ తప్పని తెలియని కోమటికి ఆ తప్పుడు తూకం లాభం రాకుండా పోతుందా?

* * *

తరవాతి శనివారం మందిరంలో ఇసకేస్తే రాలలేదు. తవిటయ్య వస్తాడా, రాడా అని చూడ్డానికి భజనకి ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చారు. అతను వచ్చాడు. చంకలో ఒక మూట. తిన్నగా తన పీట దగ్గరికి వెళ్ళి, కూర్చోకుండా, జంపఖానా అంచు ఎత్తి, కిందనున్న వైరు పట్టుకుని లాగడం మొదలుపెట్టాడు. వల లాగినట్టు చేతిమీద చుట్టుకుంటూ లాగాడు. అది గోడ వారనున్న బల్ల కాలి దగ్గరికి పోయింది. కాలికి కట్టి ఉన్న ముడి విప్పితే చివర పిన్ను బయటపడింది. దానికి బూజు పట్టింది.

పిన్ను పైకెత్తి అందరికీ చూపించాడు.

"సూసినారా? ఇది నా మైకు. ఇది దీని పిన్ను. ఇన్నాల్లూ ఇది దేనికీ తగల్లేదు. మీ అందరికీ తెల్సు, నాకొక్కడికే తెల్దు. బాగానే నడిపారు నాటకం."

పిన్ను మీది బూజు బొటనవేలితో తుడిచాడు.

"మీరు ఇన్న పాట ఈయనది" అని గవర్రాజుని చూపించాడు. మూట విప్పి, నవమినాటి శాలువా తీశాడు. "ఇదీ ఈయనదే. నా ఇంట్లో పొరపాటున ఉండిపోయింది."

గవర్రాజు కంగారుగా లేచాడు. "అయ్యబాబోయ్, వద్దండి గురువుగారండి, మీరుండగా నేనేటండి..."

"ఊరుకోవయ్యా. ఇంకా గురువుగారేటి? నా మీద పడి పాడతన్నావని తిట్టాను. నువ్వు నన్ను మోసుకెల్తన్నావని తెల్దు నాకు." శాలువా అతని భుజాల మీద వేసి, రెండు చేతులూ పట్టుకుని ముందు వరసలోకి లాగాడు. "ఈయాల్టి నుంచి ముందుపాట ఈయనది. మేళమంతా ఈయన్నే అందుకోవాలి."

అంతా అయిపోయిందనుకున్నారు. కానీ తవిటయ్య ఎక్కడికీ పోలేదు. తన పీట గవర్రాజు పీట పక్కనే వేసుకుని, బూజు దులిపిన మైకు మళ్ళీ తన నోటి ముందు నిలబెట్టుకున్నాడు. పిన్ను చొక్కా రెండో జేబులో వేసుకున్నాడు.

"నాను మట్టుకి ఇక్కడే కూకుంటాను" అన్నాడు. "పాడతాను కూడాను. ఆ రాముడికి హారనెందుకు? నా మైకు నాకుంచండి. దీనికి పిన్ను పెట్టినోడి సెయ్యి ఇరగ్గొడతాను!"

మందిరం గొల్లుమంది. మూల శ్రీరామ్మూర్తి రెండు చేతులూ వీపు వెనక దాచుకున్నాడు. దానికి ఇంకా నవ్వారు. తవిటయ్య తలలో ఆ నవ్వంతా ఎప్పటిలాగే రేకుల షెడ్డు మీద రాళ్ళవాన. ఎవరిది ఏదో తెలియదు, సన్నదేదో లావుదేదో తెలియదు. మృదంగం తాళం ఎత్తుగడ ఇచ్చింది. గవర్రాజు అతని వైపు తిరిగి, మొదలుపెడదామా అన్నట్టు చూశాడు.

తవిటయ్య చెయ్యెత్తి ఆపాడు.

నవ్వులు ఒక్కొక్కటీ అణిగిపోతున్నాయి. అణిగిపోతున్న చోట ఒకటి మిగిలిపోయింది. మూడు తునకలు వరసగా. ఊపిరి తెగింది. ఆఖర్న ఒక్క తునక. మళ్ళీ మూడు. మళ్ళీ తెగింది. మళ్ళీ ఒకటి.

అతను బిగుసుకుపోయాడు. ఆడవాళ్ళ వైపు తల తిప్పలేదు. చూస్తే కళ్ళు చెప్పేస్తాయి, చెవులకి దక్కదు. కళ్ళు గట్టిగా మూసుకుని, అరచెయ్యి చెవి దగ్గర అడ్డం పెట్టుకుని, ఆ ఒక్క తీగ మీద మనిషంతా ఒరిగిపోయి విన్నాడు.

మృదంగం రెండోసారి ఎత్తుగడ ఇచ్చింది. గవర్రాజు పాట మొదలుపెట్టేశాడు. మేళం అందుకుంది. తవిటయ్య ఇంకా ఎత్తుకోలేదు.